ఎడమ భుజం

ఉచ్‌బులాక్‌లో మగవాళ్లెవరైనా చనిపోతే మొదటి కబురు ముల్లాకు, రెండో కబురు ఎసెన్‌కుల్‌కు వెళ్లేది. అతని వృత్తి గుర్రాలకు లాడాలు కొట్టడం. చనిపోయినవాళ్లకు స్నానం చేయించడం వృత్తి కాదు, దానికెవరూ జీతమివ్వరు. చేతులు నెమ్మదైనవి, నోరు జారనిది అని నమ్మి ఊరు అతనికి అప్పజెప్పిన పని అది. కబురు రాగానే కొలిమి ఆర్పేసి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, భార్య బురుల్ కుట్టిపెట్టిన తెల్లగుడ్డ చేతితొడుగులు జేబులో పెట్టుకుని బయల్దేరేవాడు. స్నానం అయ్యాక ఆ తొడుగుల్ని పాతిపెట్టేస్తారు గనక ఇంట్లో ఎప్పుడూ ఒక కొత్త జత ఉండాలి. బురుల్ దాన్ని పిండిడబ్బా వెనక, పిల్లల కంట పడకుండా పెట్టేది.

ఆ పనికి నియమం ఒకటుంది. ఇరవై నాలుగో ఏట ఎసెన్‌కుల్ దాన్ని ముల్లా జాకిప్ దగ్గర నేర్చుకున్నాడు. దేహం మీద మంచి ఏదైనా కనిపిస్తే బయటికొచ్చి చెప్పాలి. ముఖంలో వెలుగుందనో, పెదవుల మీద నవ్వుందనో. ఇంటివాళ్లకు అదే ఊరట. చెడు కనిపిస్తే అది కడిగిన నీళ్లతోపాటు మట్టిలోకి ఇంకిపోవాలి. అప్పుడు అనాల్సిన మాట ఒక్కటే: "దేవుడు ఆయన చోటు విశాలం చెయ్యాలి." లేనిది ఉందని మాత్రం ఎప్పుడూ చెప్పకూడదు. చనిపోయినవాడు లేచి కాదనలేడు కదా అనేవాడు ముల్లా.

ఆ ఒక్క మాటకు అర్థం ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. ఎసెన్‌కుల్ గడప దాటి "చోటు విశాలం చెయ్యాలి" అని మాత్రమే అని టోపీ పెట్టుకున్నాడంటే, ఇంటివాళ్లు అక్కడే ఆగిపోయి ఇంకేమీ అడిగేవాళ్లు కాదు.

అతను మొట్టమొదట కడిగింది సొంత తమ్ముణ్ని.

తెమిర్‌కు అప్పటికి పంతొమ్మిదేళ్లు. రాజధానిలో పెద్ద చౌకు నిండా జనం చేరిన ఆ చలికాలం, లారీ మీద నిలబడి మాట్లాడుతున్న కరిమ్‌షాక్ వెనకే ఉన్నాడు. కరిమ్‌షాక్ ఆ రోజుకి మామూలు ఇంజనీరు, ఉచ్‌బులాక్ మనిషే. తూటా ఆయన ఎడమ భుజంలోంచి దూసుకుపోయి వెనకున్న తెమిర్ గొంతులో దిగిందట. కరిమ్‌షాక్ కుడి అరచేత్తో భుజాన్ని అదిమిపట్టి, మొదలుపెట్టిన మాట చివరిదాకా పూర్తి చేశాడట. ఈ నేల వదిలి మనం ఎక్కడికీ పోం అన్నదే ఆ మాట. అది పూర్తయ్యేసరికి సైనికులు తుపాకులు దించేశారట. తెమిర్ మూడో రోజు ఆసుపత్రిలో పోయాడు. అదే నెలలో కరిమ్‌షాక్ దేశానికి అధినేత అయ్యాడు. ఆ తర్వాత ఇరవై ఎనిమిదేళ్లు ఆయనే. జనం ఆయన్ని ఆతా అన్నారు, అంటే తండ్రి అని.

ఊరూరా ఆతా విగ్రహం, కుడి అరచెయ్యి ఎడమ భుజం మీద. బడిలో పిల్లలు పొద్దున్నే అలాగే చెయ్యి పెట్టుకుని ప్రమాణం చేసేవాళ్లు. ఏటా ఆ చౌకు కాల్పుల రోజు వస్తే ఆడవాళ్లు ఎర్ర ఉన్ని ముక్కలు కత్తిరించి ఇంట్లోవాళ్లందరి కోట్లకూ ఎడమ భుజం మీద కుట్టేవాళ్లు.

ఆతా ఏడాదికోసారి ఊరొచ్చేవాడు. తారు రోడ్డు ఆయన వేయించిందే, కరెంటు ఆయన తెచ్చిందే. వస్తే తిన్నగా ఎసెన్‌కుల్ ఇంటికే వచ్చి, గుమ్మం దగ్గర బూట్లు తనే విప్పుకుని, నేలమీద పరిచిన ఉన్ని నమదా మీద కూర్చుని గుర్రపు పాలు తాగేవాడు. మూడేళ్ల కిందట చూసిన గుర్రం కుంటుతోందా, తగ్గిందా అని పేరు పెట్టి అడిగేవాడు. ఎసెన్‌కుల్ తల్లి తల మీద చెయ్యి వేసి, "అపా, మీవాడి రక్తం, నా రక్తం ఒకే తూటాకంటింది. వాడు లేడనుకోకు, నేనున్నా" అనేవాడు. ఆ గొంతు వింటుంటే గదిలో చలి తగ్గినట్టుండేది. తల్లి ఆ మాటను పట్టుకునే పదేళ్లు బతికింది.

ఎసెన్‌కుల్ కూడా నమ్మాడు. నమ్మడానికి అతనికి కష్టమనిపించలేదు. తమ్ముడు ఒంటరిగా చచ్చిపోలేదు, అంత పెద్దమనిషితో సగం పంచుకుని పోయాడు అనుకుంటే కొలిమి దగ్గర చెయ్యి తేలిగ్గా ఆడేది.

ఒక్కసారి మాత్రం ఆ నమ్మకానికి చిన్న పగులొచ్చింది. బడిపంతులు అసనాలిని ఒక వసంతంలో కారెక్కించి తీసుకెళ్లారు. పిల్లలకు ప్రమాణం సరిగ్గా చెప్పించలేదని ఒకరు, ఏదో ఉత్తరం రాశాడని ఇంకొకరు అన్నారు. నెలన్నరకు మేకులు కొట్టిన పెట్టె ఒకటి లారీలో వచ్చింది. ఎసెన్‌కుల్ తొడుగులు పట్టుకుని వెళ్లాడు. "స్నానం అక్కడే అయిపోయింది, తెరవొద్దు" అన్నాడు వెంట వచ్చినవాడు. ముల్లా జాకిప్ నేల చూశాడు. ఊళ్లో కడగకుండా పాతిపెట్టిన మనిషి అసనాలి ఒక్కడే. ఆ తొడుగుల్ని ఎసెన్‌కుల్ ఇంటికి తెచ్చి మళ్లీ డబ్బా వెనక పెట్టేశాడు.

ఆతా శరత్కాలంలో పోయాడు. తనను పుట్టినూళ్లోనే పాతిపెట్టాలని, ఊరివాళ్లే స్నానం చేయించాలని చెప్పి పోయాడట. మిట్ట మీద తెల్ల ఉన్ని గుడారం వేశారు. దారి పొడవునా సైనికులు నిలబడ్డారు. లోపలికి వెళ్లింది నలుగురు: ఎసెన్‌కుల్, అతని పెదనాన్న కొడుకు బెక్తూర్, ఆతా బంధువులు ఇద్దరు.

ఎండ గుడారం పైకప్పు కన్నంలోంచి గుండ్రంగా నేల మీద పడుతోంది. బెక్తూర్ కూజాతో నీళ్లు పోస్తున్నాడు, ఎసెన్‌కుల్ కడుగుతున్నాడు. తల, ముఖం, ఆ తర్వాత కుడివైపు. కుడివైపు ముందు, ఎడమవైపు తర్వాత, అది క్రమం. కుడి చేతివేళ్లు ఒక్కొక్కటీ కడుగుతూ ఎసెన్‌కుల్ ఎడమ భుజం గురించే ఆలోచించాడు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ మచ్చని ఒక్కసారి తాకాలని ఉండేది అతనికి. తమ్ముడికి తగిలిన దాంట్లో ఈ భూమ్మీద మిగిలింది అదొక్కటే కదా.

బంధువులిద్దరూ దేహాన్ని పక్కకు తిప్పారు. ఎసెన్‌కుల్ గుడ్డ కింద చెయ్యి పోనిచ్చి భుజం ముందు కడిగాడు. వెనక కడిగాడు. గుడ్డ కొద్దిగా పక్కకు జరిపి చూశాడు. మెడ దగ్గర గోధుమరంగు పుట్టుమచ్చ ఒకటుంది. మిగతా చర్మం పసిపిల్లాడిదిలా నున్నగా ఉంది.

మూడుసార్లు కడగాలి. మూడుసార్లూ కడిగాడు. నాలుగోసారి కూడా చెయ్యి అటే వెళ్లింది. బెక్తూర్ చేతిలో కూజా వంగిపోయి నీళ్లన్నీ నేల పాలవుతున్నా అతను గమనించలేదు. ఇద్దరి కళ్లూ కలిశాయి. బంధువులిద్దరూ గుడారం గోడకేసి చూస్తున్నారు, వాళ్లకు ముందే తెలిసినట్టు.

బయటికొచ్చాక ఆతా అన్న కొడుకు ఎర్కిన్ ఎదురొచ్చాడు. వచ్చే ఎన్నికల్లో నిలబడబోయేది అతనే. "ఆతా ఎలా ఉన్నారు, బైకే?" అని, అన్నా అన్నట్టు మర్యాదగా అడిగాడు.

"ముఖం ప్రశాంతంగా ఉంది" అన్నాడు ఎసెన్‌కుల్. అది నిజమే. "దేవుడు ఆయన చోటు విశాలం చెయ్యాలి."

ఎర్కిన్ ఇంకో మాట కోసం కాసేపు ఆగాడు. రాలేదు.

ఆచారం ప్రకారం స్నానం చేయించినవాళ్లకు పోయినవారి బట్టలు పంచుతారు. పెద్దవాడు గనక ఎసెన్‌కుల్‌కు ఆతా చలికోటు వచ్చింది. ఎడమ భుజం మీద కుట్టిన ఎర్ర ఉన్ని ముక్క ఇంకా దానికి అలాగే ఉంది. బురుల్ దాన్ని మేకుకు తగిలించి, ఆ గోడవైపు తిరక్కుండా పని చేసుకునేది.

మూడు వారాల తర్వాత రాజధాని నుంచి ప్రభుత్వం తరఫున తిలెక్ అనే కుర్రాడొచ్చాడు. ముప్పై ఏళ్లుండవు. మంచి బూట్లు, మెత్తటి మాట. టీతో పాటు రొట్టె విరిచి పెడితే మర్యాదగా ముక్క నోట్లో వేసుకున్నాడు.

"రాబోయే నలభయ్యో రోజు విందుకి దేశమంతా చూస్తుంది బైకే. మీరు నలుగురూ వేదిక మీదికొచ్చి చూసింది చెప్తే చాలు."

"ఏం చూసింది?"

"మచ్చ. విదేశాల్లో కూచుని ఓ డాక్టరు ఏదో కూస్తున్నాడు, ఆతాకసలు తూటా తగల్లేదని. మేం వంద కాగితాలు చూపించినా జనం నమ్మరు. కడిగినవాళ్ల మాట నమ్ముతారు. అందులోనూ తెమిర్ వాళ్ల అన్న మాట."

"కడిగినవాళ్లు మాట్లాడకూడదు బాబూ."

"మంచి చెప్పొచ్చు కదా. మాదీ అదే ఆచారం, నాకూ తెలుసు. వీరుడి మచ్చ మంచి కాకపోతే ఇంకేది మంచి?"

ఎసెన్‌కుల్ గిన్నెలో టీ చూస్తూ కూర్చున్నాడు. తిలెక్ గిన్నె బోర్లించి లేచాడు. బూట్లు తొడుక్కుంటూ, ఏదో గుర్తొచ్చినట్టు అన్నాడు:

"మిర్లాన్ మీ అబ్బాయే కదూ, ఆనకట్ట దగ్గర విద్యుత్ కేంద్రంలో? మంచి పనివాడట. అతని బదిలీ కాగితం మా ఆఫీసుకే వచ్చింది. ఎక్కడికి పంపాలో ఇంకా ఎవరూ అనుకోలేదు."

కారు దుమ్ము తగ్గేదాకా బురుల్ గుమ్మంలో నిలబడి ఉంది. "చెప్పేస్తే ఏం పోతుంది?" అంది వెనక్కి తిరక్కుండానే.

"ఏం చెప్పాలి?"

"ఉంటే ఉందని చెప్పు."

ఆమె వెనక్కి తిరిగి అతని ముఖం చూసింది. గబగబా లోపలికెళ్లి పిండి కలపడం మొదలుపెట్టింది. ఆ రోజు పిండి అవసరానికి మించి చాలాసేపు పిసికింది.

మర్నాడు బెక్తూర్ వచ్చి కొలిమి దగ్గర కూలబడ్డాడు. ఊళ్లో హాస్యానికి పెట్టింది పేరు అతను. చావింట్లో కూడా ఎవర్నో ఒకర్ని నవ్వించి తిట్లు తినేవాడు.

"నీకూ నాకూ కలిపి తొమ్మిది పళ్లున్నాయిరా. వాటితో ఏ నిజాన్ని కొరుకుతావు?"

"నువ్వు చెప్తావా?"

"చెప్తా. బొటనవేలంత మచ్చ, అంచులు తెల్లగా ఉందని చెప్తా. ఇంకాస్త పెద్దది కావాలంటే అరచెయ్యంత అని చెప్తా. నాకు ముగ్గురు మనవలు."

"ఆయన పోయాడు బెక్తూర్. లేచి కాదనలేడు."

"ఆయనెందుకు కాదంటాడు? ఆయనే కదా మొదట చెప్పింది." బెక్తూర్ నవ్వబోయి ఆగాడు. "నువ్వు ఊరికే ఉన్నా ఊరుకోరు. నీ సంగతి వేరు. నువ్వు నోరు మూస్తే అందరికీ వినబడుతుంది."

"నాకు తెలుసు."

"తెలిస్తే మరి?"

ఎసెన్‌కుల్ ఎర్రగా కాలిన లాడాన్ని పట్టకారుతో తీసి నీళ్లలో ముంచాడు. ఆవిరి పైకి లేచింది. "తెమిర్‌ని కూడా నేనే కడిగానురా" అన్నాడు. "వాడి గొంతు దగ్గర గాయం నా చేతికి ఇంకా తెలుస్తోంది. వాడితోపాటు ఇంకెవరికో తగిలిందని ఇన్నేళ్లూ అనుకున్నా. తగల్లేదు. వాడొక్కడికే తగిలింది. ఇప్పుడు నేను మళ్లీ ఇద్దరికీ తగిలిందని చెప్తే, వాణ్ని రెండోసారి నేనే చంపినట్టు."

బెక్తూర్ లేచాడు. పోతూ పోతూ దారిలో ఉన్న గుర్రాన్ని ఊరికే ఒక్కటి చరిచాడు.

నలభయ్యో రోజు విందుకు మిట్ట కింద మైదానం నిండిపోయింది. పొయ్యిల మీద గుర్రపు మాంసం ఉడుకుతోంది. నూనెలో వేయించిన పిండి ముక్కల గుట్టలు బల్లల మీద ఉన్నాయి. అందరి కోట్లకూ ఎర్ర ముక్కలే. విగ్రహం ముందు వేదిక కట్టారు, కెమెరాలు పెట్టారు. ఎర్కిన్ మాట్లాడాడు. అతనిది బాబాయి గొంతే, కానీ గొంతులో ఉన్నది మాటల్లోకి రాలేదు. జనం చప్పట్లు కొట్టారు, ఎవరు ఆపుతారో చూసుకుంటూ.

తర్వాత కడిగినవాళ్లను పిలిచారు. బంధువులిద్దరూ చదివినట్టు చెప్పేసి దిగిపోయారు. బెక్తూర్ ముందుకొచ్చి టోపీ తీశాడు. "చూశాను. ఈ భుజం మీద, ఇంత." బొటనవేలు ఎత్తి చూపించాడు. చూపిస్తూ నేల చూశాడు. జనం దాన్ని దుఃఖమనుకుని గొణుగుతూ కన్నీళ్లు తుడుచుకున్నారు.

చివరికి ఎసెన్‌కుల్. తిలెక్ అతని మోచెయ్యి పట్టుకుని మైకు ముందు నిలబెట్టాడు. "తెమిర్ వాళ్ల అన్న" అన్నాడు జనంతో. మైదానంలో మాటలు ఆగిపోయాయి. కుండల కింద నిప్పు చిటపటలు మాత్రం వినిపిస్తున్నాయి.

ఎసెన్‌కుల్‌కు మొదటి వరసలో ముల్లా జాకిప్ కనిపించాడు. తొంభై దాటిన మనిషి, కళ్లు సరిగ్గా ఆనవు, చెవులు బాగా పనిచేస్తాయి. ఆయన పక్కనే బురుల్. దూరంగా, సెలవు పెట్టి వచ్చిన కొడుకు మిర్లాన్, పని కోటులోనే. వేదిక కింద నేల మీద పిల్లలు, ఎడమ భుజాల మీద అరచేతులు పెట్టుకుని, రాబోయే మాట కోసం చూస్తున్నారు.

అతను రెండు అరచేతులు తెరిచి ముఖం ముందు పట్టుకున్నాడు.

"దేవుడు ఆయన చోటు విశాలం చెయ్యాలి" అన్నాడు.

అంతే. చేతులతో ముఖం తుడుచుకుని మైకు దగ్గర్నుంచి వెనక్కి జరిగాడు.

రాజధాని నుంచి వచ్చినవాళ్లలో కొందరికి ఏమీ అర్థం కాలేదు. ఒకడు చప్పట్లు కూడా కొట్టాడు. కానీ ఆ మైదానంలో కూర్చున్న పల్లెవాళ్లెవ్వరూ కదల్లేదు. ముల్లా జాకిప్ నెమ్మదిగా తన అరచేతులెత్తి ముఖం తుడుచుకున్నాడు. ఆయన పక్కవాళ్లు తుడుచుకున్నారు. వరస తర్వాత వరస, వెనక గుర్రాలు పట్టుకుని నిలబడ్డవాళ్ల దాకా అందరూ మౌనంగా ముఖాలు తుడుచుకున్నారు. పంతులు అసనాలి భార్య మనవరాలి భుజం మీది ఎర్ర ముక్కను పళ్లతో దారం తెంపి తీసి, కోటు జేబులో వేసుకుంది. వేదిక మీద ఎర్కిన్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. తిలెక్ నవ్వలేదు. అతను పల్లెలో పెరిగినవాడు.

ఆ సాయంత్రమే మిర్లాన్‌ని ఉద్యోగంలోంచి తీసేసినట్టు ఫోనొచ్చింది. మర్నాడు కొలిమికి ఒక్క గుర్రమూ రాలేదు. రెండో రోజు చీకటి పడకముందే రోడ్డు చివర బూడిద రంగు కారొకటి వచ్చి ఆగింది. అందులోంచి ఎవరూ దిగలేదు. తెల్లారాక కూడా అక్కడే ఉంది.

మూడో రోజు పొద్దున, ఆవుల పాలు పితికే వేళకు, బెక్తూర్ పెరటి దారిన వచ్చాడు. ఎసెన్‌కుల్ వాకిట్లో కూర్చుని బూట్లకు నూనె రాస్తున్నాడు, ఏదో దూరం వెళ్లేవాడిలా.

"ఆ కారు తప్ప మీ వీధికి చుట్టాలెవరూ రావడం లేదు" అన్నాడు బెక్తూర్. హాస్యం సగంలోనే చచ్చిపోయింది. తల దించుకున్నాడు. "నేను పోతే నువ్వే కడగాలిరా. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వకు. ఆ అబద్ధం చెప్పిన ఒంటిని ఇంకొకళ్లు చూడ్డం నాకిష్టం లేదు."

"నీకింకా టైముంది" అన్నాడు ఎసెన్‌కుల్. "నేను చెప్పేది విను. నన్ను పెట్టెలో తెస్తారు. మేకులు కొట్టి తెస్తారు. స్నానం అయిపోయింది, తెరవొద్దు అంటారు."

బెక్తూర్ తలెత్తి చూశాడు.

"అసనాలికి నేను ఊరుకున్నాను. ముల్లా ఊరుకున్నాడు. నువ్వు ఊరుకోకు. తెరువు. నువ్వే కడుగు, కుడివైపు ముందు. కడిగాక బయటికొచ్చి నువ్వేం చూశావో చెప్పు. ముఖం గురించి కాదు. అంతా చెప్పు."

"చెడు చెప్పకూడదు కదరా. నువ్వే కదా నలభై ఊళ్లకి నేర్పావు."

"పోయినవాడు ఒప్పుకుంటే చెప్పొచ్చు. నేను ఒప్పుకుంటున్నా. ఇదిగో, బతికుండగానే చెప్తున్నా."

రోడ్డు మీద కారు స్టార్టయింది. తిరిగి నెమ్మదిగా ఇంటివైపు రావడం మొదలుపెట్టింది. ఎసెన్‌కుల్ బూట్లు తొడుక్కుని లోపలికెళ్లి, మేకు మీది ఆతా చలికోటు వైపు ఒక్కసారి చూసి, తన పాత కోటే వేసుకున్నాడు. ఇద్దరు మనుషులు కారు దిగారు. తొందరపడలేదు. ఒకడు బురుల్‌ను "అపా" అని పిలిచి, రెండు రోజుల్లో వచ్చేస్తాడు, కొన్ని ప్రశ్నలు అంతే అన్నాడు. ఎసెన్‌కుల్ గుమ్మం పైన తల తగలకుండా అలవాటుగా వంగి బయటికెళ్లాడు.

బురుల్ కారు వెనక పరుగెత్తలేదు, ఏడవలేదు. లోపలికెళ్లి పిండిడబ్బా పక్కకు జరిపింది. వెనకున్న తెల్లగుడ్డ తొడుగుల జత తీసి, పిండి దులిపి, వాకిట్లో కొయ్యబారి కూర్చున్న బెక్తూర్ ఒళ్లో పెట్టింది.

అతను వాటిని చాలాసేపు చూశాడు. మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి బెక్తూర్ ఎక్కడికెళ్లినా, విందుకెళ్లినా, సంతకెళ్లినా, రాజధాని నుంచి లారీ వస్తున్న చప్పుడు వినిపిస్తే చాలు, మాట ఆపేసి ఆ జేబు తడుముకుంటాడు.